ఖాదర్‌కు అంటగట్టిన ఇంగ్లీషు తిట్టు

ముప్పై ఏళ్లకు పైగా ఒక ఇంగ్లీషు తిట్టును మోస్తున్నాను. నన్నెవరో తిట్టింది కాదు, నేను ఒకరిని తిట్టింది. ఇంట్లో నా భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నావా అంటే చెప్పుకున్నాను, కానీ ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు కాబట్టి దాన్ని చెప్పినట్టుగా పరిగణించను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను. ఒక్కటే కోరిక, మధ్యలో నా మీద జాలి పడకండి. జాలి పుట్టేలా రాయడం నాకు చేతనవును. ఇంతకుముందు అలాగే రాసి చించేశాను. ఈసారి చించను.

ఆ తిట్టు బ్లాగార్డ్. రాతలో బ్లాక్, గార్డ్ అని రెండు మాటలూ కనిపిస్తాయి కానీ పలికేటప్పుడు మధ్య అక్షరాన్ని మింగేస్తారు. ఇప్పటివాళ్లకు తెలియదు. రాస్కెల్, స్కౌండ్రల్ మన వీధుల్లోకి వచ్చి మనవైపోయాయి. ఇది రాలేదు, దొరలతోనే పోయింది. పోతూ పోతూ మా సూపరింటెండెంట్ గారి నాలుక మీద కాస్త మిగిలింది. ఆయన దగ్గర నేను పట్టుకున్నాను.

కువైట్‌లో మా కంపెనీ భవనాల కాంట్రాక్టులు చేసేది. ఆఫీసు మిర్కాబ్‌లో, గోడౌను అల్ రాయ్‌లో, పనివాళ్ల క్యాంపు అర్దియాలో. క్యాంపు స్టోరు తాళాలు నా దగ్గరుండేవి. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, ఏది కావాలన్నా కిచెన్‌కు నేనే తూచి ఇవ్వాలి. సూపరింటెండెంట్ గారు మద్రాసు మనిషి. చిన్న వయసులో ఇంగ్లీషు ఆఫీసర్ల కింద పనిచేసి, వాళ్ల టీ అలవాటునీ వాళ్ల తిట్లనీ కూడా తెచ్చుకున్నారు. టీ ఆలస్యమైతే కిచెన్ వైపు చూసి "బ్లాగార్డ్స్" అనేవారు. కోపం ఉండేది కాదు, ఆవులించినంత తేలిగ్గా అనేవారు. కోనసీమలో డిగ్రీ చదివి ఎడారిలో బస్తాలు తూచుకుంటున్నానన్న దిగులు నాది. ఆ మాట నా చెవికి గొప్పగా తోచేది. గదిలో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు పలికి చూసుకునేవాణ్ణి. నవ్వండి, నవ్వాల్సిందే. అర్థమేమిటని అడిగితే ఆయన "పరువు లేనివాడు" అని ఊరుకున్నారు. అంతకు మించి తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు.

ఆ కిచెన్‌లో వంటమనిషి ఖాదర్. రాయచోటి వాడు. నాకన్నా పెద్దవాడే అయినా నన్ను అన్నా అనేవాడు, వాళ్ల వైపు మర్యాద అది. నేను ఖాదర్ భాయ్ అనేవాణ్ణి. కువైట్ రాకముందు ఊళ్లో పెళ్లిళ్లకు వండేవాడు. ఎప్పటికైనా తిరిగి వెళ్లి మళ్లీ పెళ్లివంటలే చేసుకుంటానని చెప్పేవాడు.

అంతమందికి పెద్ద డేగిసాల్లో వండితే అన్నం అడుగంటకుండా ఉండదు. ఆ అడుగు పొర, మాడు, వండినవాళ్లది. పై అన్నం తినేవాళ్లది, మాడు కిచెన్‌ది. ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు అది, వంటశాలల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఖాదర్ ఆ మాడును గీకి, మేడ మీద దుప్పటి పరిచి ఎండబెట్టేవాడు. కువైట్ ఎండకు మధ్యాహ్నం తిరిగేలోపు అది గలగలలాడేది. గోతాల్లో పోసి డేగిసాల వెనక పెట్టేవాడు. శుక్రవారాలు కాస్త నూనెలో వేయించి, ఉప్పూ కారం చల్లి ఒక ప్లేటు నా స్టోరుకు పంపేవాడు. నేను తినేవాణ్ణి. ఆ మాడు స్టోరు బియ్యంలో కోత పెట్టి దాచింది కాదని క్యాంపు మొత్తంలో నాకన్నా బాగా ఎరిగినవాడు లేడు. మిగతావాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు. వాళ్లకు కంచంలో పడిన అన్నమే తెలుసు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. సూపరింటెండెంట్ గారు సెలవు మీద మద్రాసులో ఉన్నారు. మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న కువైటీ యజమాని, కుటుంబంతో సహా సౌదీకి దాటిపోయాడు. పొద్దున లేచి చూస్తే రోడ్డు మీద ట్యాంకులు. అల్ రాయ్ గోడౌన్లు లూటీ అవుతున్నాయని తెలిసి, మావాళ్లు వెళ్లి మా గోడౌన్లో మిగిలిన బియ్యం బస్తాలను భుజాల మీద వేసుకుని క్యాంపుకు తెచ్చారు. పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే నాకు వచ్చింది. తాళాలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి వచ్చింది. అందరూ నన్ను స్టోర్ గారూ అని పిలవడం మొదలుపెట్టారు. బయట తుపాకులు పేలుతుంటే నాకు లోపల ఆ పిలుపు బాగుండేది. ఇది కూడా చెప్పాలి కదా.

కొన్నాళ్లకు దారి తెలిసింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే అక్కణ్ణుంచి మన విమానాలు తీసుకెళ్తున్నాయని. క్యాంపువాళ్లం బస్సులు మాట్లాడుకున్నాం. సరిహద్దులో ఎన్నాళ్లు పడిగాపులు పడాలో తెలియదు కాబట్టి వెనక ఒక లారీ. అందులో డేగిసాలు, గ్యాసు పొయ్యి, బియ్యం, వాటితోపాటు ఖాదర్. అలా అనుకున్నాం.

ముందు బస్సు డ్రైవరు ఒక పగటిపూట నన్ను పక్కకు పిలిచాడు. ముందు వెళ్లే బస్సే దాటుతుంది, వెనకవాటికి నేను పూచీ పడను అన్నాడు. దినార్లు వద్దన్నాడు. అప్పటికి ఊళ్లో బియ్యం దొరకడం లేదు. నాకూ, నాతోపాటు ఉన్న నా బావమరిదికీ ఆ బస్సులో సీట్లు. బదులుగా బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బా. అందరూ నీళ్ల ట్యాంకరు దగ్గర క్యూలో ఉన్నప్పుడు స్టోరు వెనక తలుపు తీశాను. బస్తాలు ఎత్తడానికి నేనే ఒక చెయ్యి వేశాను.

బావమరిది కోసం చేశాను, వాణ్ణి క్షేమంగా తెస్తానని ఇంట్లో మాటిచ్చాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. వాడు సీటు అడగలేదు. ఆ బియ్యం సంగతి వాడికి ఈనాటికీ తెలియదు. నాకు బతకాలని ఉంది, మిగతావాళ్ల కన్నా ముందు బతకాలని ఉంది. అంతే.

బయల్దేరే రోజు మధ్యాహ్నం లారీలోకి సరుకు ఎక్కించడం మొదలుపెడితే బియ్యం తగ్గాయి. మోసుకొచ్చినవాళ్లు వాళ్లే కాబట్టి ఎన్ని బస్తాలో వాళ్లకు తెలుసు. మేస్త్రీ వెంకట్రాజు మా అమలాపురం వైపువాడు, మంచివాడే, కానీ ఆకలి భయం అందరి మొహాల్లో ఉంది. కిచెన్ అంతా వెతికారు. డేగిసాల వెనక గోతాలు దొరికాయి. ఒకటి విప్పితే ఎండిన అన్నం.

వెంకట్రాజు గుప్పెడు తీసుకొచ్చి నాకు చూపించాడు. "ఏవండీ స్టోర్ గారూ, బియ్యం ఎటుపోయాయా అని మనం తలలు బద్దలుకొట్టుకుంటన్నామండీ. ఈయన వండి ఎండేసి దాచేత్తన్నాడండీ."

ఖాదర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కంగారు పడలేదు. కంగారు పడాల్సిన పని ఉందని అతనికి తెలియదు.

"అది మాడన్నా. అడుగుది. దోవలో గ్యాసు లేకపోయినా నీళ్లలో నానేసుకుని తినొచ్చు కదా అని పెట్టినా," అని వెంకట్రాజుతో చెప్పి నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పన్నా వీళ్లకు."

అందరూ నా మొహం చూశారు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. అది కిచెన్ వాటా అని ఒక్క మాట. ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు. మరి బియ్యం ఏమయ్యాయండీ? దానికి జవాబు చెప్పాల్సినవాడు తాళాలున్నవాడు.

దొంగ అని ఖాదర్‌ను అనాలి. అనలేకపోయాను. తెలుగులో ఆ మాట అంటే అది తిరిగి నా మీదికే వచ్చేట్టు ఉంది. ఈ భాష నాకు అమ్మ నేర్పింది, అందులో అబద్ధం ఆడితే మొహం మారిపోతుంది. ఇంగ్లీషులో మారదు. నేను ఖాదర్‌ను పైనుంచి కిందికి చూసి, అద్దం ముందు నేర్చుకున్నంత అందంగా, "బ్లాగార్డ్" అన్నాను.

"అంటే ఏంటండీ?" అని ఎవరో అడిగారు.

"ఇలాంటివాణ్ణే అంటారు," అన్నాను.

ఖాదర్ నా వైపే చూస్తున్నాడు. "ఏమన్నావో తెలుగులో సెప్పన్నా," అన్నాడు.

నేను స్టోరులోకి వెళ్లి, ఖాళీ అయిపోయిన స్టోరుకు తాళం వేసే పని పెట్టుకున్నాను.

మిగతాది వాళ్లే పూర్తి చేశారు. నేను దొంగ అనలేదు కదా అని నన్ను నేను సమర్థించుకోవడానికి అవకాశం మిగుల్చుకున్నాను చూడండి, అది నా తెలివి. లారీలో గానీ బస్సుల్లో గానీ ఖాదర్ రాకూడదని తేల్చారు. ఒకరిద్దరు కొట్టబోతే వెంకట్రాజే ఆపాడు. ఖాదర్ మళ్లీ ఎవరితోనూ వాదించలేదు. డేగిసాలు కడిగి లారీలోకి అందించాడు. మాడు గోతాలు కూడా అతనే అందించాడు. తర్వాత కిచెన్ గుమ్మంలో నిలబడ్డాడు. నేను ముందు బస్సులో, కిటికీ పక్కన కూర్చున్నాను. అతని వైపు చూడలేదు, కానీ నిలబడ్డాడని తెలుసు.

చివరికి వెనక బస్సులూ లారీ కూడా వచ్చాయి. జోర్డాన్ సరిహద్దు దగ్గర డేరాల్లో అందరం పడి ఉన్నాం. గ్యాసు అయిపోయింది. తాగడానికే నీళ్లు సరిగా లేవు, ఇక అన్నం ఎక్కడ వండుతాం? అప్పుడు వెంకట్రాజు గోతాలు విప్పాడు. కాసిని నీళ్లు చల్లి, ఉప్పు వేసి, గిన్నెల్లో అందరికీ పంచాడు. కాస్త చేదు, మాడు వాసన. అందరం తిన్నాం. ఎవరూ తలెత్తలేదు. ఖాదర్ పేరు ఎవరూ ఎత్తలేదు. నేను రెండోసారి పెట్టించుకున్నాను.

అక్కడైనా చెప్పి ఉండవచ్చు. సీటు దొరికింది, సరిహద్దు దాటాను, నన్ను ఎవరూ వెనక్కి పంపరు. ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. బస్సు ఎక్కేదాకా భయం అని సర్దిచెప్పుకోవచ్చు. ఎక్కాక మిగిలింది పరువు. స్టోర్ గారు అనిపించుకున్న పరువు, డేరాలో కూడా ముందుగా నా చేతికి గిన్నె అందించే పరువు. దాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోయింది. ఆకలితో ఉన్న మనుషుల మధ్య కూర్చుని నేను ఆలోచించింది నా పరువు గురించి.

ఇంటికొచ్చాను. మళ్లీ గల్ఫ్ వెళ్లలేదు. మా పట్నంలో ఇంగ్లీషు ట్యూషన్లు పెట్టుకున్నాను, బాగానే నడిచాయి. ఖాదర్ తర్వాతి గుంపులో ఎవరితోనో కలిసి బయటపడ్డాడని, చిక్కి సగమై ఇల్లు చేరాడని విన్నాను. బతికాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. చూడండి, ఎంత తొందరగా పీల్చుకున్నానో.

ఒకరోజు గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తిరగేస్తూ ఆ మాట దగ్గర ఆగాను. పాతకాలంలో ఇంగ్లండు రాజులూ జమీందార్లూ ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మకాం మార్చేటప్పుడు, ఊరేగింపు చివర బళ్లలో వంటపాత్రలు, వాటితోపాటు గిన్నెలు తోమేవాళ్లు, పొయ్యి ఊదేవాళ్లు వచ్చేవారట. మసి కొట్టుకుపోయిన ఆ మనుషులను వెక్కిరింతగా నల్ల కాపలాదళం అన్నారట. బ్లాగార్డ్. తర్వాత సైన్యాల వెనక తిరిగే పనివాళ్లకూ, శవయాత్రల్లో దివిటీలు పట్టేవాళ్లకూ, బూట్లు తుడిచే అనాథలకూ ఆ పేరు పెట్టారు. ముందు ఎవరికి పెట్టారో తేల్చి చెప్పలేమని కూడా రాశారు. ఎవరికి పెట్టినా అందరూ చాకిరీ చేసేవాళ్లే. పోను పోను అదే నీచుడు అనే తిట్టు అయింది. దొంగతనం చేశారని కాదు, మోసం చేశారని కాదు. వాళ్ల చేతులకు మసి ఉంది, తిట్టేవాళ్ల చేతులకు లేదు.

పుస్తకం మూసేశాను. బస్సుల వెనక డేగిసాల లారీ. అందులో కూర్చోవాల్సిన మనిషి. పుట్టినప్పటి అర్థంలో ఆ మాట ఖాదర్ ఉద్యోగం, అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాతి అర్థంలో అది నేను. అర్థం తెలియక అన్నాను అని ఒక క్షణం సంతోషపడబోయాను కూడా. తెలియకపోవడమేమిటి? నాకు కావలసినంత అర్థం నాకు తెలుసు. అందుకే వాడాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు కువైట్‌లో పరిచయమైన ఒకాయన కూతురి పెళ్లికి రాయచోటి వెళ్లాను. అది ఖాదర్ ఊరని తెలిసే వెళ్లాను. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి షామియానా వెనక్కి వెళితే అక్కడ ఖాదర్. గొంతుక్కూర్చుని డేగిసా తోముతున్నాడు. వంట మాస్టరు వేరొకడు, వయసులో చిన్నవాడు, కుర్చీ మీద కూర్చుని ఇతనికి పని చెబుతున్నాడు. నాతో ఉన్నాయన మామూలుగా చెప్పాడు. ఇక్కడ పెళ్లి వంట ఒప్పుకుంటే ఇంటివాళ్లు సరుకు గది వంటమనిషికి అప్పజెప్పేస్తారు, కువైట్‌లో బియ్యం ఎత్తాడన్న పేరు మోసుకొచ్చినవాడికి ఎవరు అప్పజెబుతారు, పాపం గిన్నెలకు పిలుస్తున్నారు అని.

ఖాదర్ తలెత్తాడు. నన్ను పోల్చుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ లేవబోయాడు, పలకరించడానికే అనుకుంటాను. నేను అటు తిరిగి వెళ్లిపోయాను. చెయ్యి కడుక్కోకుండానే బస్సెక్కాను. మొదటి తప్పుకు ప్రాణభయం అని ఒక సాకుంది. దీనికి ఏ సాకూ లేదు. మీకు చెప్పాలనుకున్న రెండింటిలో నన్ను ఎక్కువ సిగ్గుపెట్టేది ఇదే.

ఈమధ్య వెంకట్రాజు ఫోన్ చేశాడు. ఎప్పుడో సంవత్సరానికోసారి చేస్తాడు. మాటల మధ్యలో అన్నాడు, "మన మాడు దొంగ పోయాడంటండీ, రాయచోటి ఆయన."

మనిషి పోయినా పేరు ఉంది. దాన్ని పెట్టినవాడు ఇంకా ఉన్నాడు. ఇక ఆగకూడదనుకున్నాను. బియ్యం ఎత్తింది నేను అని వెంకట్రాజుతో చెప్పాను. డ్రైవరు సంగతి, వెనక తలుపు సంగతి, అన్నీ. అతను, "ఆయన పోయాక చెబితే ఏం లాభమండీ?" అన్నాడు. ఆ రోజు నమ్మినవాళ్లు బతికే ఉన్నారు కదా, వాళ్లందరి నంబర్లు ఇవ్వండి అన్నాను. ఇష్టం లేకుండానే ఇచ్చాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు తిట్టారు. ఒకాయన నవ్వి, ఈ వయసులో ఎందుకండీ ఇవన్నీ అన్నాడు. ఇంకొకాయనకు ఖాదరే గుర్తులేడు, అతనికి కూడా మొదటినుంచీ చెప్పాను. ఫోన్ అందనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అర్దియా క్యాంపులో బియ్యం దొంగ ఖాదర్ కాదు. దొంగను నేను.

ఆఖరికి రాయచోటిలో ఖాదర్ కొడుకు నంబరు సంపాదించాను. పేరు చెప్పి, మీ నాన్న మీద దొంగతనం పడేలా చేసినవాణ్ణి అన్నాను. అతను ఫోన్ పెట్టేయలేదు. సెప్పండి అన్నాడు. ఈసారి అంతా తెలుగులోనే చెప్పాను. మాడు సంగతి నాకు ముందునుంచీ తెలుసని చెప్పాను. పెళ్లిలో చూసి తప్పుకున్నానని కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు నాది కాదు.

అతను చివరిదాకా విన్నాడు.

"నేను తియ్యలేదని మా నాయన ఇంట్లో శానాసార్లు సెప్పినాడు సారూ," అన్నాడు. "మేమే నమ్మల్యా."